ఒక బ్యాటరీ, రెండు వోల్టేజీలు

1935లో హైదరాబాదు రేడియోను నిజాం ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ మాటలు కూడా సంస్థానం అంచుల దాకా చేరతాయన్న ఆశ పుట్టింది. గోదావరిలో ప్రాణహిత కలిసే కాళేశ్వరం అలాంటి ఒక అంచు. రాజధానికి 250 కిలోమీటర్ల పైచిలుకు దూరం, చుట్టూ అడవి, ఏరు దాటితే సిరొంచ. మాట అక్కడిదాకా వచ్చినా దాన్ని పట్టే పెట్టెకు కరెంటు కావాలి. స్వాతంత్ర్యం నాటికి దేశం మొత్తం మీద కరెంటున్న పల్లెలు సుమారు 1,500. కాబట్టి ఇలాంటి ఊళ్ళ రేడియో చరిత్రలో సగం బ్యాటరీల చరిత్రే. ఒకే బ్యాటరీ నుంచి రెండు వోల్టేజీలు తీసే విద్య పల్లెకు అవసరమైంది సర్క్యూట్లు గీసేవారి చమత్కారం వల్ల కాదు, చార్జింగు ఎక్కడో దూరాన ఉండటం వల్ల.

వాల్వు రేడియోకు రెండు రకాల ఆకలి. ఫిలమెంటు వేడెక్కడానికి 2 వోల్టులు చాలు, కానీ కరెంటు ఎక్కువ తాగుతుంది. దానికి చార్జి చేసుకునే సీసపు బ్యాటరీ పెట్టేవారు. ప్లేటుకు కొద్దిపాటి కరెంటు చాలు, వోల్టేజి మాత్రం 90 కావాలి. అంటే ఒకటిన్నర వోల్టు డ్రై సెల్లులు అరవై వరసగా కట్టాలి. రెండింటిలో ఏది అయిపోయినా సెట్టు మూగదే. దీనికి విరుగుడు వైబ్రేటర్. ఒక 6 వోల్టుల సీసపు బ్యాటరీ మీద సన్నని ఉక్కు పట్టీ సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా కొట్టుకుంటూ కరెంటును తెంపుతుంది, కలుపుతుంది. తెగి తెగి వచ్చే ఆ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది, రెక్టిఫయర్ దాన్ని మళ్ళీ డీసీగా మార్చి ప్లేటుకు ఇస్తుంది. ఫిలమెంట్లకు కరెంటు కూడా అదే బ్యాటరీ నుంచి. మూల్యం లేకపోలేదు: రొద, కాలిపోయే కాంటాక్టులు, వేడిగా పోయే శక్తి. అయినా చార్జింగుకు మోయవలసింది ఒక్క బ్యాటరీయే.

వైబ్రేటర్ పుట్టింది అమెరికా కార్ల రేడియోల కోసం కదా, పల్లె ఊసెందుకని అడగవచ్చు. పుట్టుక అక్కడే, సందేహం లేదు. కానీ కారు బ్యాటరీని కారు ఇంజనే నింపుతుంది. పల్లెలో ఆ ఇంజనూ లేదు. అవసరం తీవ్రత ఇక్కడే ఎక్కువ. మరో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: రెండు వోల్టేజీలూ ఒకే డబ్బాలో ఇచ్చే డ్రై ప్యాకులు ఉండేవి, వాటికి చార్జింగే అక్కర్లేదు. నిజమే. కానీ అయిపోయిన ప్రతిసారీ కొత్తది కొనాలి. ఎండల్లో అవి వాడకపోయినా నీరసిస్తాయి. శ్రమ తగ్గి ఖర్చు పెరిగిందంతే.

1960లలో ట్రాన్సిస్టరు సెట్లు వచ్చి నాలుగు టార్చి సెల్లులతో ఈ గొడవంతా తీర్చేశాయి. తీర్చిన చోటే మళ్ళీ మొదలైంది: సంకేతాలను పెంచే చిప్పులు, అంటే 1968 నాటి 741 వంటి ఆప్-యాంప్‌లు ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు రెండూ అడిగాయి. బ్యాటరీని నడిమికి చీల్చి మధ్య బిందువును గ్రౌండు చేయడం సులువుగానే కనిపిస్తుంది. కానీ ఒక సగం ఎక్కువగా ఖర్చయితే, వరసలో చార్జి చేసేటప్పుడు అది నిండక ముందే రెండో సగం పొంగుతుంది. అందుకే కెపాసిటర్లను నింపి తిప్పి కలిపి మైనస్ వోల్టేజిని పుట్టించే చిప్పులు వచ్చాయి. వైబ్రేటర్ చేసిన తెంపి కలిపే పనే, పట్టీ లేకుండా.

చార్జింగు దూరమే ఈ విద్యకు కారణమన్న వాదనకు ఎదురు సాక్ష్యంలా కనిపించేది కాళేశ్వరం పక్కనే ఉంది. గోదావరి నీటిని ఎత్తిపోసేందుకు కట్టిన కన్నెపల్లి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 40 మెగావాట్లది. అంతటి భారాన్ని మోసే పెద్ద సబ్‌స్టేషన్లలో సాధారణంగా రిలేలు, బ్రేకర్ల కోసం 220 వోల్టుల బ్యాటరీ వరస ఒకటి, సమాచార పరికరాల కోసం 48 వోల్టుల వరస మరొకటి విడివిడిగా ఉంచుతారు. ఒక్కదానితో సరిపెట్టే కన్వర్టర్లు దొరకక కాదు. అక్కడ చార్జరు గోడవారనే ఉంటుంది, మోసుకెళ్ళే పని లేదు. ఒక వరస చెడితే రెండోది దానితో పాటు పోకూడదన్నదే వాళ్ళ లెక్క.