బాబాయి మిరపతోట, మా ఒట్టావా పొలం

మొన్న ఆదివారం గుంటూరు నుంచి బాబాయి ఫోను. "అబ్బాయ్, మిరపకి హ్యూమిక్ యాసిడ్ పొయ్యమంటున్నాడు కొట్టాయన. డబ్బాలు అప్పుమీద ఇస్తాడంట. కనిపెట్టింది మీ కెనడావోళ్ళేనంట గదా, పనిచేస్తదా?" నాకు తెలిసింది జావా కోడు. అయినా అడిగింది బాబాయి, పైగా అప్పు వ్యవహారం. ఓ వారం చదివాను.

కనిపెట్టింది ఇక్కడ కాదులెండి. 1786లో అచార్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, బురదనేలల్లో మగ్గిన మట్టిని క్షారంలో నానబెట్టి, ఆ నీళ్ళలో ఆమ్లం కలిపితే నల్లటి పదార్థం అడుగుకి దిగింది. అదే హ్యూమిక్ ఆమ్లం. తర్వాత థేర్ అనే ఆయన, మొక్క తినేది మట్టిలోని ఈ నలుపునే అన్నాడు. 1840లో లీబిగ్ వచ్చి, కాదు, మొక్కకి కర్బనం గాలిలోంచి వస్తుంది, నేలలోంచి కావలసినవి ఖనిజాలు అన్నాడు. గెలిచింది లీబిగే. మరి ఆ నలుపుకి పనేమిటి?

జవాబులో ఒక ముక్క మా ఊళ్ళోనే దొరికింది. ఒట్టావా నగరం మధ్యలో 1886 నాటి ప్రభుత్వ ప్రయోగ క్షేత్రం ఉంది. రోజూ బస్సులో దాని పక్కనుంచే ఆఫీసుకి పోతాను. కెనడా వ్యవసాయ శాఖ తరఫున మోరిస్ ష్నిట్జర్ ఒట్టావాలోనే దశాబ్దాలపాటు ఈ నల్ల పదార్థాల మీద పనిచేశాడు. హ్యూమిక్‌కి తమ్ముడులాంటిది ఫుల్విక్ ఆమ్లం, ఆమ్లంలో కూడా కరిగే ఉంటుంది. అది చిక్కుడు కాండం ముక్కల్లో వేర్లు పుట్టడాన్ని పెంచుతుందని పోప్స్ట్‌తో కలిసి 1967లో చూపించాడు. 1981లో రౌథాన్‌తో కలిసి దోసమొక్కల మీద ప్రయోగం. పోషకాలు కలిపిన నీళ్ళలో పది లక్షల పాళ్ళకి 100 నుంచి 300 పాళ్ళు ఫుల్విక్ కలిపితే వేర్లు, పూలు, పోషకాలు పీల్చుకోవడం, అన్నీ పెరిగాయి. 500 దాటితే అంత మేలు లేదు. 1995-96లో స్టీవెన్‌సన్‌తో కలిపి ఆయనకి వ్యవసాయంలో వుల్ఫ్ బహుమతి ఇచ్చారు.

కథ అక్కడితో అయిపోలేదు. క్షారంలో నానబెట్టి తీసిన పదార్థం మట్టిలో అదే రూపంలో ఉండదని, అక్కడున్నది కుళ్ళుతూ మారిపోతుండే అవశేషాలేనని 2015లో లేమన్, క్లేబర్ 'నేచర్'లో వాదించారు.

మళ్ళీ ఫోను చేశాను. "బాబాయ్, అది తిండి కాదు, తిండి అందుకోడానికి సాయం. ఆ దోసమొక్కలకి తిండి ముందే నీళ్ళలో కలిపి ఉంది. మన నల్లరేగడి నల్లగా ఉందని సేంద్రియం ఉన్నట్టూ కాదు, తక్కువే. ముందు పశువుల ఎరువు తోలించు. డబ్బా ఒక్కటే కొను, అదీ రొక్కానికి. రెండు సాళ్ళకి పోసి, పక్క సాళ్ళతో పోల్చి చూడు."

బాబాయి కాసేపు మాట్లాడలేదు. "ఎరువెక్కడిదిరా? గొడ్లని అమ్మేసి నాలుగేళ్ళయ్యె!"

ఆ ముక్కకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.