డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదివి, దాన్ని రెండు చోట్లా లెక్కలోకి తెచ్చుకునే అమెరికా పద్ధతి ఇది. మన ఇంటర్మీడియట్‌ను జూనియర్ కాలేజీలోనే చదివినా అది డిగ్రీ క్రెడిట్ కాదు. అక్కడ మాత్రం పదకొండో తరగతి విద్యార్థికి వచ్చేది అసలైన కాలేజీ క్రెడిటే. 1985లో మిన్నెసోటా దీన్ని రాష్ట్రవ్యాప్తంగా చట్టబద్ధం చేసింది. హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే మరో పద్ధతి, దీనికంటే పాతది, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. దాన్ని ‘ఏపీ’ అంటారు, మన రాష్ట్రానికీ దానికీ సంబంధం లేదు. కాలేజ్ బోర్డు 1955 నుంచి నడుపుతున్న ఆ విధానంలో మే నెల పరీక్షలో అయిదుకు ఎంత వచ్చిందన్నదే కీలకం. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో సెమిస్టర్ పొడవునా చేసిన పనికి విలువ ఉంటుంది కనుక, ఒక్కరోజు పరీక్షకు బెదిరే పిల్లలకు ఇదే న్యాయమైన దారి.

ఎలాగూ పైకొచ్చే చురుకైన పిల్లలే ఇందులో చేరతారు, ఫలితాల ఘనత వాళ్లదే అన్న ఆక్షేపణ బలమైనదే. అయితే హైస్కూలు చదువుతోపాటే కాలేజీ కోర్సులు చెప్పే ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లలో లాటరీతో సీట్లిచ్చిన చోట, సీటు దక్కినవారు దక్కనివారికంటే ఎక్కువగా డిగ్రీలు పొందినట్టు అధ్యయనాలు చూపాయి. అక్కడ తేడా తెచ్చింది తెలివి కాదు, అవకాశం. ఇక క్రెడిట్ చెల్లుబాటు మాటే అసలు చిక్కు. సొంత రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీల్లో సాధారణంగా చెల్లే క్రెడిట్‌ను పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయం తోసిపుచ్చవచ్చు. పైగా పదహారేళ్లకు తప్పిన కోర్సు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది.