ఏ పని దేని కోసం ఆగి ఉంది? ప్రాజెక్టు ప్రణాళికలో నెట్‌వర్క్ చిత్రం పాత్ర

గుజరాత్‌లోని సూరత్ మెట్రో రైలు ప్రాజెక్టు మొత్తం పొడవు 40.35 కిలోమీటర్లు. దీనికి 2021 జనవరి 18న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ భూమిపూజ చేశారు. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీ వరకు సాగే తొలి మార్గంలో ఆల్థాన్ ప్రాంతానికి ఆల్థాన్ టెనమెంట్, ఆల్థాన్ గామ్ అనే రెండు స్టేషన్లు ఉన్నాయి. దారిన పోయేవారికి కనిపించేవి స్తంభాలు, వంతెనలే. అయితే స్టేషన్ తలుపులు తెరుచుకోవాలంటే సిగ్నలింగ్, టికెట్ల సాఫ్ట్‌వేర్ కూడా సిద్ధం కావాలి. ఇటువంటి పనుల్లో ఏది ముందు, ఏది తరువాత అన్నది స్పష్టం చేసే సాధనమే నెట్‌వర్క్ చిత్రం.

ఇందులో ఒక్కో పనిని ఒక్కో గడిగా గీస్తారు. ఒక పని ముగిస్తే గాని మరొకటి మొదలుకాని చోట రెండింటినీ బాణంతో కలుపుతారు. పనుల జాబితా ఏమేమి చేయాలో చెబుతుంది. ఈ చిత్రం ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో చెబుతుంది.

ఊహించిన ఒక ఉదాహరణ చూద్దాం. ఒక స్టేషన్‌లో టికెట్ల వ్యవస్థకు అవసరాల నిర్ధారణకు 2 వారాలు పడుతుంది. ఆ తరువాత మూడు పనులు ఒకేసారి మొదలవుతాయి: ప్రవేశ ద్వారాల యంత్రాల అమరికకు 6 వారాలు, ఛార్జీల లెక్కింపు ప్రోగ్రామ్‌కు 4, ప్రయాణికులు చూసే తెరల రూపకల్పనకు 3. మూడూ పూర్తయ్యాక సంయుక్త పరీక్షకు 3 వారాలు, ప్రయోగాత్మక నిర్వహణకు 2 వారాలు కావాలి.

విడివిడిగా కూడితే 20 వారాలు. బాణాల వెంట నడిస్తే అత్యంత పొడవైన దారి 2, 6, 3, 2 కలిపి 13 వారాలు. దీనినే కీలక మార్గం అంటారు. ప్రోగ్రామ్ రచనకు 2 వారాలు, తెరలకు 3 వారాల వెసులుబాటు ఉంది. అందువల్ల ప్రోగ్రామర్ల సంఖ్య పెంచినా ప్రారంభ తేదీ ముందుకు జరగదు. యంత్రాల అమరిక ఒక్క వారం ఆలస్యమైతే మాత్రం అందరికీ ఒక వారం ఆలస్యమవుతుంది. ప్రోగ్రామ్ రచన 3 వారాలు వెనుకబడితే కీలక మార్గమే మారిపోయి, మొత్తం గడువు 14 వారాలకు చేరుతుంది.

ఈ పద్ధతికి ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. 20వ శతాబ్ది ఆరంభంలో హెన్రీ గాంట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పట్టీల పటం పని ఎప్పుడు జరుగుతుందో చూపేది. కారణాల గొలుసు అందులో కనిపించేది కాదు. ఆ లోటును తీర్చే కీలక మార్గ పద్ధతిని 1957లో అమెరికాలోని డ్యుపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థల నిపుణులు రూపొందించారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం పెర్ట్ పద్ధతిని తీసుకొచ్చింది.

బాణాలు ఎక్కడా వలయంగా తిరగరాదు. రెండు పనులు ఒకదాని కోసం మరొకటి ఆగితే ఏదీ మొదలుకాదు. ఆ చిక్కు కాగితం మీదే బయటపడటం చిత్రం చేసే పెద్ద మేలు. బృందం బయటి పనులనూ ఇందులో గీయాలి. సాఫ్ట్‌వేర్ సిద్ధమైనా యంత్రం నిలిపే నేల పూర్తికాకపోతే పరీక్ష జరగదు. పని సాగే కొద్దీ చిత్రాన్ని సవరించకపోతే అది గోడకు వేలాడే అలంకారంగానే మిగులుతుంది.