కిరణం తాకిన ఎముక

బంజారాహిల్స్ రాళ్ల గుట్టల మీద మొదటి ఇల్లు కట్టుకున్న మనిషి మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్‌కు రేడియం ఆసుపత్రి తెచ్చిందీ ఆయనే. 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్ అండ్ కేన్సర్ హాస్పిటల్‌గా మొదలైన ఆ సంస్థ ఇప్పుడు రెడ్‌హిల్స్‌లో ఆయన పేరుతోనే నడుస్తోంది. జనానికి అది ఎం.ఎన్.జె. ఆ గుట్టల వరసలోనే, జూబ్లీహిల్స్ దిగువన, రహమత్ నగర్ ఉంది. సినిమా పరిశ్రమ మద్రాసు వదిలి ఇటు వచ్చాక, తెర మీద పేరు పడని పనివాళ్లు ఎందరో కృష్ణానగర్, రహమత్ నగర్ గల్లీల్లో కాపురాలు పెట్టారు. లైట్లు మోసేవాళ్లు, గుంపులో ఆడేవాళ్లు, ఆ ఇళ్లలోని ఆడవాళ్లు, అందరికీ రెక్కలే ఆస్తి. అలాంటి ఇంట్లో ఒకరికి కేన్సర్ వచ్చి, కరెంటు (కిరణాల వైద్యం) పెట్టించుకుని, గండం గడిచి బయటపడితే, ఆ తరవాత పదేళ్లకు వాళ్ల ఎముకలు ఎలా ఉన్నాయి? కిరణాల చరిత్ర మొత్తాన్నీ ఈ ప్రశ్న చేతపట్టుకునే చూడాలని నాకు అనిపిస్తుంది.

ఆ చరిత్ర ఎముకతోనే మొదలైంది. 1895 డిసెంబరులో, ఎక్స్‌రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ తీసిన ఎక్స్‌రేలో కనిపించినవి ఆయన భార్య చేతి ఎముకలు, వేలి ఉంగరం. లోపలి ఎముకను చూపించిన వెలుగు దాన్ని తినేయగలదని తెలియడానికి ఇంకో పాతికేళ్లు పైనే పట్టింది. దాన్ని జనం కళ్లకు కట్టినవాళ్లు శాస్త్రవేత్తలు కారు, ఆడపిల్లలు. అమెరికాలోని న్యూజెర్సీలో, 1917 నుంచి, గడియారాల అంకెల మీద రేడియం రంగు అద్దే పనికి వాళ్లను పెట్టుకున్నారు. కుంచె మొన సన్నబడాలంటే పెదాలతో తడపమన్నారు. రేడియం గుణం కాల్షియానికి దగ్గర, అందుకే ఒళ్లు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంది. దాని సగం తరగడానికి 1600 ఏళ్లు పడుతుంది. కొన్నేళ్లకే పళ్లు ఊడాయి, దవడలు కుళ్లాయి, నడుములు వంగాయి. ఇరవైల్లో ఉన్నవాళ్లకు ముసలితనపు ఎముకలు వచ్చాయి. 1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు కారణం రేడియమేనని నిరూపించాడు, 1928లో కంపెనీ పరిహారానికి ఒప్పుకుంది. నేటి రేడియేషన్ భద్రతా ప్రమాణాల పునాదిలో ఆ పిల్లల ఎముకలున్నాయి.

ఎక్స్‌రే అంటేనే హడలిపోయేవాళ్లున్నారు కాబట్టి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రేతో ఎముక అరగదు. దాని మోతాదు 0.1 మిల్లీసీవర్ట్‌కు మించదు. నేను చెబుతున్నది వైద్యం కోసం ఒకేచోట, ఐదారు వారాలపాటు, 45 నుంచి 60 గ్రేల (కిరణాల మోతాదు కొలిచే ప్రమాణం) దాకా పెట్టే కిరణాల సంగతి. అది కేన్సర్ కణంతోపాటు ఎముకను కట్టే కణాలనూ చంపుతుంది. ఎముకను కరిగించే కణాలు మొదట్లో ఇంకా చురుకవుతాయి. సన్నటి రక్తనాళాలు పూడుకుపోతాయి, ఎర్రమూలుగ స్థానంలో కొవ్వు చేరుతుంది. మామూలుగా వయసు ఏళ్ల తరబడి చేసే పని ఆ ఒక్కచోట చాలా తొందరగా జరిగిపోతుంది.

తెలుగునేలలో ఎముకకు ఈ ముప్పు నోటి దగ్గర కనిపిస్తుంది, నోటి కేన్సర్‌కు కరెంటు పెట్టినప్పుడు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్లు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుకూ అంగిటి కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1957లో పరిశోధకులు గోవిందరెడ్డి, వి.కె.రావు ప్రకటించారు. 1971లో పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి ఆ అలవాటు అంగిట్లో తెచ్చే మార్పులను నమోదు చేసింది. కోస్తా రోగుల్లో చాలామందికి ఒకప్పుడు దిక్కు మద్రాసు: 1934 నాటి బర్నార్డ్ రేడియాలజీ సంస్థ, ఆ తరవాత 1957లో కోబాల్ట్ కిరణాల యంత్రం వచ్చిన అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్. నోటికి కరెంటు పెడితే కింది దవడకు ముప్పు ఎక్కువ, దానికి రక్తం అందేదే తక్కువ గనక. తరవాతెప్పుడో పుచ్చుపన్ను పీకిస్తే ఆ గాయం మానదు, ఎముక బయటపడి చచ్చిపోతుంది. అందుకే కరెంటుకు ముందే పళ్ల డాక్టరుకు చూపించడం రివాజైంది. దవడకు ఆ మాత్రం రక్షణ దొరికింది.

ఆడవాళ్ల తుంటికి దొరకలేదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు పొత్తికడుపు మీద కిరణాలు పెడితే అవి కటి ఎముకలకూ తగులుతాయి, అండాశయాలనూ ఆపేస్తాయి. నలభై ఏళ్లకే ముట్లుడిగి, ఎముకను కాచే ఈస్ట్రోజన్ పోతుంది. రెండు దెబ్బలు ఒకేసారి. అమెరికాలో 65 ఏళ్లు దాటిన స్త్రీల మీద 2005లో వచ్చిన అధ్యయనం, ఈ కేన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో కటి భాగపు ఎముకలు విరగడం సుమారు 65 శాతం ఎక్కువని తేల్చింది. విరిగినవాటిలో అత్యధికం తుంటి ఎముకలే. అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వీణా శత్రుఘ్న బృందం ఇంకో లెక్క బయటపెట్టింది. తక్కువ ఆదాయపు కుటుంబాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 289 మంది స్త్రీలను పరీక్షిస్తే, దాదాపు 29 శాతం మందికి తుంటి మెడ దగ్గర ఎముక బోలుబారి ఉంది. వీళ్లెవరికీ కేన్సర్ ఉందని కాదు, తిండి చాలక. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. పుష్టిగా తిన్న దేశంలోనే కిరణం అంత పని చేస్తే, పాలూ పప్పూ పిల్లలకు వదిలేసి గంజితో సరిపెట్టుకున్న మన తల్లి తుంటి మీద ఎంత చేస్తుంది?

భార్య బసవతారకం కేన్సర్‌తో చనిపోయాక ఎన్టీఆర్ తలపెట్టిన ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో తెరుచుకుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి, డబ్బులేనివాళ్లకూ కరెంటు అందుబాటులోకి తెచ్చింది. కోబాల్ట్ పోయి, కణితి ఆకారాన్ని బట్టి కిరణాన్ని మలిచే యంత్రాలు వచ్చాయి, ఎముకకు తగిలే మోతాదు తగ్గింది. ఇవన్నీ ప్రాణాలు నిలిపిన గొప్ప పనులు, నేను తక్కువ చెయ్యను. ఎముకను మాత్రం కొత్త వైద్యం కూడా మరిచిపోతూనే ఉంది. దవడలు తిన్న ఆ రేడియమే, ఎముకల్ని వెతుక్కుంటూ పోయే గుణం వల్లే, రేడియం-223 రూపంలో 2013లో ప్రొస్టేట్ కేన్సర్‌కు మందైంది. దాన్ని అబిరాటెరోన్ అనే మందుతో కలిపి ఇచ్చిన ప్రయోగంలో 29 శాతం మందికి ఎముకలు విరిగాయి. రేడియం లేకుండా ఇచ్చినవారిలో 11 శాతం మందికే. ముందునుంచీ ఎముకల మందు వాడుతున్నవాళ్లలో విరుగుళ్లు తక్కువ.

పళ్ల డాక్టరు చీటీ లాగే, పొత్తికడుపు కరెంటుకు ముందు ఎముక సాంద్రతను కొలిచే ఒక డెక్సా పరీక్ష, విటమిన్ డి చూడటం, అయిపోయాక ఏడాదికో రెండేళ్లకో మళ్లీ డెక్సా, చిన్న వయసులో ముట్లు ఆగినవారికి హార్మోన్ ఇవ్వవచ్చా అన్న చర్చ ఇక్కడా రివాజు కావాలి. డెక్సా కిరణం ఛాతీ ఎక్స్‌రేకన్నా తక్కువ, భయపడాల్సింది లేదు. కరెంటు పెట్టించుకున్న రెండు మూడేళ్లకు పిరుదుల దగ్గరో నడుం కిందో నొప్పి మొదలైతే, వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకోకూడదు, కేన్సర్ తిరగబెట్టిందని ముందే బెంబేలెత్తనూ కూడదు. అది ఎముకలో పడిన సన్నటి చీలిక కావచ్చు. ఎం.ఆర్.ఐ.లో అది కనబడుతుంది, చాలాసార్లు విశ్రాంతితో, మందులతో మానుతుంది.