గోడలోని కంప్యూటర్ చెప్పిన పాఠం

వాడేవారి చేతికి స్పందించే వెబ్‌సైటును రూపొందించాలంటే ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది? మీరు ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకుంటున్నారనుకోండి. అక్కడికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలోని కాల్కాజీలో దీనికొక జవాబుంది.

1999 జనవరి 26న ఎన్.ఐ.ఐ.టి. సంస్థకు చెందిన సుగత మిత్ర, తమ కార్యాలయానికీ పక్కనున్న మురికివాడకూ మధ్య గోడలో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌ను అమర్చారు. ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. వెబ్ పేజీలు తెరిచారు, బొమ్మలు గీశారు.

తెరపై కదిలే బాణం గుర్తును వాళ్లు 'సుయీ' అన్నారు, అంటే సూది. కాసేపు ఆగమని సూచించే ఇసుక గడియారాన్ని 'డమరు' అన్నారు, అంటే మన డమరుకమే. ఇసుక గడియారం మన ఇళ్లలో కనిపించే వస్తువు కాదు కదా! అయినా వేలు కదిపితే సూది కదులుతుంది, నొక్కితే ఏదో జరుగుతుంది. అలా ప్రతి గుర్తు పనినీ వాడి చూసి తెలుసుకున్నారు.

అయితే ఇక ఉపాధ్యాయులు అక్కర్లేదా? దీనిపై విద్యావేత్తలలో భిన్నాభిప్రాయాలున్నాయి. వెబ్‌సైటు రూపకర్తకు మాత్రం పాఠం స్పష్టం: చేసిన పనికి వెంటనే స్పందించే తెరను వాడడం తేలిక. మీరు వెబ్‌సైటు తయారుచేస్తే, దాన్ని ముందుగా ఒక కొత్తవారికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా గమనించండి. వారు తడబడిన చోటే మార్పు అవసరం.