శాస్త్ర పత్రికల విలువ గట్టుట – సుబ్బారావుగారి వ్యాసము

ఏ గ్రంథాలయమునకైనను ఏటేటా ఎదురగు చిక్కు ఒకటి కలదు. చందాల వలన వచ్చు సొమ్ము కొంచెము. తెప్పించుకొనదగిన పత్రికలు పెక్కు. ఏది ఉంచవలెను, ఏది మానవలెను? మైలవరము పఠనమందిరమునకును, సముద్రముల కావలనున్న కళాశాలా గ్రంథాలయమునకును ఈ చిక్కు ఒక్కటే. శాస్త్ర పత్రికల పలుకుబడిని అంకెలతో కొలుచు విద్య పుట్టినది ఈ చిక్కునుండియే యని పలువురెరుగరు.

1927లో కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్ అను ఇంటిపేరుగల ఇరువురు, చిన్న కళాశాల యొక్క గ్రంథాలయము ఏ రసాయనశాస్త్ర పత్రికలను కొనవలెనో తేల్చుటకు ఒక ఉపాయము పన్నిరి. అమెరికా రసాయన సంఘము పత్రిక యొక్క 1926వ సంపుటమును ముందుంచుకొని, అందలి వ్యాసముల అడుగున పేర్కొనబడిన పూర్వ వ్యాసములన్నిటిని, అనగా ఉల్లేఖనములను, పత్రికల వారీగా లెక్కించిరి. లెక్క 3,600కు పైగా తేలినది. పెద్దల అభిప్రాయమును అడుగక, పనిచేయు శాస్త్రజ్ఞుడు నిజముగా దేనిని చదివి వాడుకొనుచున్నాడో చూచుట ఇందలి కొత్తదనము. ఆనాడు జర్మను పత్రికలు ముందు వరుసలో నిలిచినవి.

గ్రంథాలయ సేవకులకు ఇది వింత కాదు. ఇచ్చిపుచ్చుకొను చిట్టాను తిరుగవేసినచో ఏ పుస్తకమెన్ని చేతులు మారినదో తెలియును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరమువారు ఊరూర పుస్తకములు చేర్చుటకే శ్రమించిరి. చేర్చినదానిని కొలుచుట తరువాతి తరము పని. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా పనిచేసిన రంగనాథన్ గారు 1948లో ఇంగ్లండునందలి లెమింగ్టన్ స్పాలో జరిగిన సభలో, గ్రంథాలయ వ్యవహారములకు గణితమును వర్తింపజేయు శాస్త్రము కావలెనని చెప్పి, దానికి లైబ్రమెట్రీ యని పేరిడిరి. అయితే చిట్టాకొక లోపమున్నది. బల్లమీదనే ఉండి పదిమందిచేత నిత్యము చదువబడు భారతము ఆ చిట్టాకెక్కదు.

ఈ లెక్కను పెద్ద వ్యాపారముగా మలచినవాడు అమెరికావాసి యూజీన్ గార్ఫీల్డ్. అతనికి దారి చూపినది న్యాయవాదుల పుస్తకము. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎచ్చట పేర్కొన్నవో, నిలబెట్టినవో, త్రోసివేసినవో చూపు సూచికను షెపర్డ్ అనునతడు 1873లో ప్రారంభించెను. వ్యాజ్యములు తెలిసినవారికి దాని ఉపయోగము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి సూచిక శాస్త్రములకును ఉండవలెనని గార్ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో వ్రాసెను. అతని సంస్థ 613 పత్రికలలోని 1961వ సంవత్సరపు ఉల్లేఖనములను, సుమారు 14 లక్షలను, పోగుచేసి 1963లో సైన్స్ సైటేషన్ ఇండెక్సుగా వెలువరించెను.

ఆ సూచికలో ఏ పత్రికలను చేర్చవలెనను ప్రశ్న వచ్చినప్పుడు పుట్టినదే ఇంపాక్ట్ ఫాక్టర్. దాని లెక్క సులభము. ఒక పత్రిక రెండేండ్లలో 100 వ్యాసములు ప్రకటించినదనుకొందము. మూడవ యేట ఇతరులు ఆ వ్యాసములను 150 మార్లు పేర్కొనినచో, 150ని 100తో భాగింపగా వచ్చు ఒకటిన్నరయే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్. పెద్ద పత్రిక కేవలము తన పరిమాణము చేతనే గెలువకుండుటకు ఈ భాగహారము పెట్టిరి. 1975 నుండి ఈ అంకెలు ప్రతియేట అచ్చగుచు వచ్చినవి.

ఈ కొలబద్ద ఎంత కొలువగలదో, ఎచ్చట పొరపడునో చూచుటకు ఆంధ్రుని వ్యాసమొకటి చాలును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతినొకదానిని కనిపెట్టిరి. భాస్వరమునకు మాలిబ్డేటు చేర్చి తగిన ద్రవ్యముతో క్షయకరణము గావించినచో నీలిరంగు పుట్టును. రంగు చిక్కదనమును బట్టి భాస్వరమెంతయో తెలియును. ఈ వ్యాసము 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటమున 375వ పుటనుండి అచ్చయినది. జీవరసాయన ప్రయోగశాలలు దీనిని చేపట్టినవి. నలుబదేండ్ల తరువాత గార్ఫీల్డ్ సంస్థ లెక్కలు తీయగా, మిక్కిలిగా పేర్కొనబడు వ్యాసముల పట్టికలలో ఇది నిలిచియున్నది.

అయినను ఇంత కీర్తిలో ఆ పత్రిక యొక్క ఇంపాక్ట్ ఫాక్టరునకు చేరినది సున్న. ఆ లెక్క రెండేండ్ల వయసుగల వ్యాసములనే చూచును; నలుబదేండ్ల వ్యాసము దానికి కనబడదు. మామిడిచెట్టును నాటిన రెండేండ్లకే కాపు లెక్కించి తోట విలువ కట్టినట్లున్నది ఈ పని. నూజివీడు రైతెవ్వడును ఇట్టి బేరమునకు ఒప్పుకొనడు.

ఇంకొక అన్యాయము కలదు. అచ్చు సూచికలో ఉల్లేఖింపబడిన వ్యాసములను మొదటి రచయిత పేరిటనే కూర్చిరి. కావున ఆ వేలాది ఉల్లేఖనములన్నియు ఫిస్కే పేరు క్రింద చేరినవి. సుబ్బారావు అను పేరు వెదకువానికి ఈ వ్యాసము కానరాదు. హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెడలిపోయిన ఆ మనిషిని, ఆయన 1948లో మరణించిన పిమ్మట లెక్కల పుస్తకము కూడ రెండవ వానిగానే ఉంచినది.

1929లో ఫిస్కే, సుబ్బారావులును, జర్మనీలో లోమన్ అనునతడును వేర్వేరుగా గుర్తించిన ఏ.టి.పి. నేడు బడిపిల్లల పాఠ్యపుస్తకములలోనున్నది. దానిని గూర్చి వ్రాయువారెవరును మూలవ్యాసమును పేర్కొనరు. అందరి సొత్తయిన సత్యమునకు ఉల్లేఖనము నిలిచిపోవును. సుబ్బారావుగారి అజమాయిషీలో లెడర్లీనుండి వెలువడిన హెట్రజాన్ మందు బోదకాలు వ్యాధికి వాడబడినది. కృష్ణా గోదావరీ డెల్టాలలో ఆ బిళ్లను మ్రింగిన రైతుకూలీ ఏ పత్రికలోను ఉల్లేఖనము వ్రాయలేదు.

పత్రిక పేరును బట్టి వ్యాసమును తూచుట మరింత తప్పు. రామన్ గారు 1928లో తమ ఆవిష్కరణమును కలకత్తానుండి వెలువడు ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్సులో ప్రకటించిరి. అప్పటికా పత్రికకు రెండేండ్లు. 1930లో నోబెల్ బహుమానము వచ్చినది. కృష్ణా జిల్లావాసి సూరి భగవంతంగారు రామన్ శిష్యులై కలకత్తాలో పరిశోధించిన దినములవి.

గార్ఫీల్డ్ తన అంకెను పత్రికలను ఎన్నుకొనుటకే ఉద్దేశించెను. కాలక్రమమున అది మనుష్యులను తూచు తూకపురాయి యైనది. 2010లో విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘము చేసిన నిబంధనలలో, ఇంపాక్ట్ ఫాక్టర్ హెచ్చుగానున్న పత్రికలో వ్రాసిన అధ్యాపకునకు అదనపు మార్కులేర్పరుపబడినవి. మైలవరములోనే 1998నుండి ఇంజనీరింగు కళాశాల ఉన్నది గనుక ఈ సంగతి ఊరివారికి దూరపు ముచ్చట కాదు. మార్కులకై వ్రాయువారు పెరుగగా, సొమ్ము పుచ్చుకొని ఏది పంపినను అచ్చువేయు పత్రికలును పుట్టుకొని వచ్చినవి. కొన్ని తమ ఇంపాక్ట్ ఫాక్టరును తామే కల్పించుకొన్నవి. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన సంపాదకులు, ప్రచురణకర్తలు, పత్రిక అంకెతో పరిశోధకుని వెలకట్టరాదని ఒక ప్రకటన సిద్ధపరచిరి. ఇచ్చట ధన సహాయ సంఘము 2018లో మేలైన పత్రికల జాబితాను తయారుచేయ పూనుకొని, కేర్ అను పేరిట కొన్నియేండ్లు నడిపినది. 2025లో దానిని ఉపసంహరించి, పత్రికల మంచిచెడ్డల నిర్ణయమును ఆయా విద్యాసంస్థలకే తిరిగి వదలినది.