పేరు రాయొద్దన్న సాక్షి

మాది నెల్లికుదురు. నా చిన్నప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. పెద్ద రోగమొస్తే కేసముద్రం దాకా పోయి రైలెక్కి వరంగల్ చేరుకోవాల్సిందే. ఆ వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథం. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా. నక్సలైట్లు చంపిన ఒక ఎస్సై అంతిమయాత్ర 1985 సెప్టెంబర్ 3న సాగుతుండగా, అందులోని పోలీసులే ఆసుపత్రిలోకి చొరబడి ఆయన్ని కాల్చి చంపారు.

ఆ తర్వాత 1986లో జాపా లక్ష్మారెడ్డి, 1991లో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్‌ని 1985లో జైల్లో పెట్టారు, 1989లో ఎత్తుకుపోయారు. అందరూ హక్కుల కార్యకర్తలే. ఈ పేర్లు మనకు తెలుసు, తెలిసి ఉండాలి కూడా. కానీ ఒకటి గమనించారా? ఈ జాబితాలో ఒక్క స్త్రీ లేదు.

మరి స్త్రీలెక్కడున్నారు? డాక్టరేట్ అయ్యాక పాత నిజనిర్ధారణ నివేదికలు చదువుతుంటే దొరికారు. ‘గ్రామస్తులు చెప్పారు’ అన్న రెండు మాటల వెనక ఉన్నారు. ఎన్‌కౌంటర్ జరిగిన ఊళ్లో మగవాళ్లు భయంతో ఎటో వెళ్లిపోతే, పశువుల్నీ పిల్లల్నీ వదిలిపోలేక మిగిలింది ఆడవాళ్లే. తుపాకీ చప్పుడు ఎటునుంచి వచ్చిందో, మనిషిని ముందురోజు ఎక్కడ పట్టుకున్నారో చెప్పేది వాళ్లే. కమిటీ సాయంత్రానికి పట్నం చేరుకుంటుంది. చెప్పినామె ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకోవాలి. పోలీసులొచ్చి ఏం చెప్పావని నిలదీయొచ్చు. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానం వస్తే అటువైపు వాళ్లూ వదలరు. హక్కుల ఉద్యమం లోపలా దీనిమీద వాదన నడిచింది. రాజ్య హింసనే కాదు, సాయుధుల హింసనూ ప్రశ్నించాలన్న బాలగోపాల్, ఆయన సహచరులు 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు.

మా చిన్నమ్మ అలా చెప్పిన మనిషే. తొంభైల్లో వచ్చిన ఒక కమిటీకి అన్నం వండి పెట్టి, చూసింది చూసినట్టు చెప్పింది. నా వ్యాసంలో నీ గురించి రాస్తానంటే బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండా అంది:

“రాయి బిడ్డా. నా పేరు మాత్రం రాయకు.”

“ఇప్పుడెవరొస్తరు చిన్నమ్మా?”

“ఎవ్వరు రారు. అయినా వద్దు. చెప్పినంక నెలదినాలు నిద్రపోలేదు నేను. అప్పుడు మళ్లొచ్చి ఎట్లున్నవని అడిగినోళ్లు లేరు.”

స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల పేర్లూ గొంతులూ చరిత్రలోకి వచ్చాయి. ఆ పుస్తకం చదివి పెరిగిన నాకు, పేరు రాయడమే న్యాయమనిపించేది. కానీ ఇక్కడ పేరు దాచడమే కాపాడింది. ఆ దాచడమే చరిత్ర నుంచి చెరిపేసింది కూడా. రెండూ నిజమే.

1998 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ హక్కుల రక్షకుల ప్రకటనను ఆమోదించింది. సంఘాలకే కాదు, ఒంటరిగా నిలబడిన మనిషికీ ఆ రక్షణ ఉండాలంది. ఆ లెక్కన మా చిన్నమ్మ కూడా రక్షకురాలే. ఆమెకా మాట ఎవరూ చెప్పలేదు. రక్షకులకు అండ అంటే సంస్మరణ సభలూ సంతకాలూ అనుకుంటాం. అవీ కావాలి. కానీ వాంగ్మూలం తీసుకున్నవాళ్లు వారం తర్వాత మళ్లీ ఆ గడప తొక్కడం అంతకంటే ముందు కావాలి.

చిన్నమ్మ పేరు ఇక్కడ రాయలేదు. ‘గ్రామస్తులు’ అని మాత్రం రాయను. ఒక స్త్రీ, చూసింది, చెప్పింది, ఒంటరిగా భయపడింది. పేరు లేకపోయినా ఇంతవరకు రాయొచ్చు. నివేదికలూ ఇంతైనా రాసి ఉండాల్సింది.